పురిటి నొప్పులు ఎలా ఉంటాయి? తొలి కాన్పుకు ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

లేబర్ రూంలో నర్సుగా చేరి పద్నాలుగేళ్లయింది. నేనూ ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఎనిమిదో నెల చెకప్‌కి వచ్చిన అమ్మాయిలు బీపీ, బరువు చూపించుకుని, మాత్రలు తీసుకుని, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి అడిగే ప్రశ్నలివి. పక్కన అత్తగారుంటే అవి కూడా అడగరు. ఇంట్లో పెద్దవాళ్లనడిగితే "నీకే తెలుస్తుందిలే" అంటారు. అలా అన్నప్పుడు భయం ఇంకా పెరుగుతుందని నాకు తెలుసు. అందుకే దాచకుండా రాస్తున్నాను.

నొప్పి నిజంగా ఎలా ఉంటుంది?

నెలసరి నొప్పి ఎరిగినవాళ్లకి దీని మొదలు కొత్తగా ఉండదు. నడుం కింద పీకుతున్నట్టు మొదలై, రెండు పక్కల నుంచి పొత్తికడుపు ముందుకు చుట్టుకొస్తుంది. చీర కట్టే చోట ఎవరో తాడు వేసి బిగిస్తున్నట్టు ఉంటుంది. ఆ సమయంలో కడుపు మీద చెయ్యి వేస్తే రాయిలా తగులుతుంది. బిగుసుకుంటూ, బిగుసుకుంటూ పోయి, ఒకచోట ఇక చాలు అనిపించేంత పైకి వెళ్లి, అక్కణ్ణుంచి మెల్లగా సడలుతుంది. కడుపు మళ్లీ మెత్తబడుతుంది. మొత్తం 40 నుంచి 60 సెకన్లు.

ఎందుకిలా అంటే, గర్భసంచి అచ్చంగా ఒక కండరం. అది ముడుచుకున్నప్పుడల్లా ముఖద్వారాన్ని పైకి లాగుతుంది, బిడ్డ తలను కిందికి నొక్కుతుంది. ముడుచుకున్న ఆ కాసేపు కండరానికి రక్తం సరిగా అందదు. నిండు బిందె ఎత్తి పట్టుకుని కాసేపు నిలబడితే భుజం ఎలా సలుపుతుందో ఇదీ ఆ జాతి నొప్పే. దానికి ముఖద్వారం సాగే నొప్పి తోడవుతుంది. మామూలు రోజుల్లో ముక్కు కొనలా గట్టిగా ఉండే ఆ ద్వారం పెదవిలా మెత్తబడి, పలచబడి, చివరికి 10 సెంటీమీటర్లు, అంటే ఓ పెద్ద ఇడ్లీ అంత వెడల్పు తెరుచుకోవాలి.

కొందరికి నొప్పి కడుపు ముందు వైపు తెలియదు, అంతా నడుంలోనే. బిడ్డ వీపు మన వెన్ను వైపుకి ఉంటే అలా అవుతుంది. నా రెండో కాన్పు అంతా నడుంలోనే గడిచింది. కొందరికి తొడల్లోకి పాకుతుంది. ఒకరిది ఇంకొకరికి ఉండదు. అక్క చెప్పిందీ తోడికోడలు చెప్పిందీ నిజమే అయినా, మీది మీదే.

20 ఎముకలు ఒకేసారి విరిగినంత నొప్పి అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

అబద్ధం. "మనిషి 45 డెల్ నొప్పి మాత్రమే భరించగలడు, కన్నతల్లి 57 డెల్ భరిస్తుంది" అని మదర్స్ డే వచ్చినప్పుడల్లా తిరిగే మెసేజ్ అది. డెల్ అనే కొలత వైద్యంలో లేదు. 1940ల్లో అమెరికాలో కొందరు పరిశోధకులు నొప్పిని కొలవడానికి డోల్ అనే కొలత పెట్టారు. చర్మం మీద వేడి తగిలించి చూసేవాళ్లు. వాళ్ల లెక్కలో గరిష్ఠమే పదిన్నర. 57 అన్న అంకెకు అందులో చోటే లేదు. ఆ కొలతను ఇప్పుడు ఎవరూ వాడరు కూడా.

అమ్మల్ని గొప్ప చేయాలనే ఆ మెసేజ్ పంపుతారు. తొమ్మిదో నెలలో ఉన్న పిల్ల దాన్ని అర్ధరాత్రి చదువుతుంది. దయచేసి అలాంటివి గర్భిణుల గ్రూపుల్లో పెట్టకండి. ఎముక విరగడం దెబ్బ. పురిటి నొప్పిలో ఒంటికి దెబ్బ తగలడం లేదు, ఒళ్లు తన పని తాను చేస్తోంది. నొప్పి ఎక్కువా తక్కువా అన్నది వేరే మాట.

గంటల తరబడి ఆగకుండా నొప్పేనా?

అందరికంటే ఎక్కువగా ఈ ప్రశ్నకే సమాధానం తెలియాలి. ఆగకుండా ఉండదు. వచ్చి పోతుంది.

లెక్క వేసి చూడండి. మొదట్లో పది నిమిషాలకో నొప్పి, 40 సెకన్లు. గంటలో ఆరు నొప్పులు, కలిపితే నాలుగు నిమిషాలు. మిగతా 56 నిమిషాలు మీరు నడవచ్చు, మాట్లాడచ్చు, ఇడ్లీ తినచ్చు. బాగా జోరందుకున్నాక మూడు నిమిషాలకో నొప్పి, నిమిషం పాటు. అప్పుడైనా గంటలో 20 నిమిషాలు నొప్పి, 40 నిమిషాలు విరామం. ఆ రెండు నిమిషాల ఖాళీలో గురక పెట్టి నిద్రపోయిన వాళ్లను ఎందరినో చూశాను. చివర్లో మాత్రం విరామాలు బాగా చిన్నవైపోతాయి.

ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందంటే, నొప్పి పోయాక కూడా పళ్లు బిగించి, పిడికిలి బిగించి వచ్చే దానికోసం ఎదురుచూస్తూ ఉంటాం. అలా నొప్పి లేని 40 నిమిషాలు కూడా నొప్పిలోనే కలిసిపోతాయి. నా తొలి కాన్పులో నేను చేసింది అదే. నొప్పి వదిలిందని తెలియగానే దవడ వదలండి, భుజాలు కిందికి దించండి, ఒక్క గుక్క నీళ్లు తాగండి.

విరామం లేకుండా కడుపు పలకలా గట్టిగా ఉండిపోయి నొప్పి వదలకపోతే అది మామూలు కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దొంగ నొప్పులా, అసలు నొప్పులా? ఎలా తెలుస్తుంది?

లేచి నాలుగడుగులు వేయండి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి, కాసేపు పడుకోండి. దొంగ నొప్పులైతే తగ్గిపోతాయి, లేదా గంటకోటి, అరగంటకోటి, వరస లేకుండా వస్తాయి. అసలు నొప్పులు ఏం చేసినా దగ్గరపడుతూ, బలపడుతూ పోతాయి. కొంచెం రక్తం చారతో జిగురు కనిపించవచ్చు. దొంగ నొప్పులకు ఆసుపత్రికి వచ్చి తిరిగి వెళ్లినవాళ్లు సిగ్గుపడాల్సిన పనేం లేదు. నేను నర్సునై ఉండి కూడా ఒకసారి అలాగే తిరిగొచ్చాను.

ఎంతసేపు పడుతుంది?

తొలిచూలుకి ఎక్కువసేపే పడుతుంది. ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఉన్న కాలానికి ఇంత అని లెక్క లేదు. కొందరికి ఆరు గంటలు, కొందరికి ఒకటిన్నర రోజు. ఆ దశ ఇంట్లో గడిచిపోతే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 సెంటీమీటర్ల నుంచి పూర్తిగా తెరుచుకునేవరకు తొలి కాన్పుకి మామూలుగా 12 గంటలు, తర్వాతి కాన్పులకి 10 గంటలు దాటదు. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాల్సిందే అన్న పాత నియమం అందరికీ వర్తించదని కూడా అందులోనే చెప్పారు. కాబట్టి "ఇంకా మూడు వేళ్లంతే తెరుచుకుంది" అని ఎవరైనా పెదవి విరిస్తే కంగారు పడకండి. తల్లి బీపీ, బిడ్డ గుండె బాగున్నంతవరకు ఆగవచ్చు.

సెలైన్‌లో నొప్పులు వచ్చేలా చేసే మందు పెట్టినప్పుడు మాత్రం నొప్పులు ఉన్నట్టుండి దగ్గరగా, గట్టిగా వస్తాయని చాలామంది చెబుతారు. ఎందుకు పెడుతున్నారో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

మధ్యలో "ఇక నా వల్ల కాదు" అనిపిస్తే?

అనిపిస్తుంది. దాదాపు అందరికీ అనిపిస్తుంది. 8 సెంటీమీటర్లు దాటాక ఒళ్లు వణుకుతుంది, వాంతి వస్తుంది, చెమటలు పడతాయి, కాళ్లు చల్లబడతాయి. ఎవరు ముట్టుకున్నా చిరాకు. "ఇంటికెళ్లిపోతా, ఆపరేషన్ చేసేయండి" అని ఏడుస్తారు. ఆ మాట వినగానే మేం లోపల అనుకునేది ఒకటే, దగ్గరికొచ్చేసింది అని. నిజానికి అదే అన్నిటికంటే కష్టమైన ఘట్టం, అన్నిటికంటే చిన్నది కూడా. చాలాసార్లు ఆ మాట అన్న గంటా గంటన్నరలో బిడ్డ చేతిలో ఉంటుంది.

బిడ్డ బయటికి వచ్చేటప్పుడు ఎక్కువ నొప్పి ఉంటుందా?

చాలామంది ఊహించుకుని భయపడేది ఆ క్షణాన్నే. నన్నడిగితే అంతకుముందు గంటలే కష్టం. ముక్కే దశకి వచ్చేసరికి చేయడానికో పని దొరుకుతుంది. విరేచనం ఆపుకోలేనట్టుగా కింద ఒత్తిడి వస్తుంది, ఒళ్లు తనంతట తానే ముక్కుతుంది. నిజంగానే కాస్త విరేచనం అయిపోతుంది కూడా. దాని గురించి ఎంతమంది మనసులో కుమిలిపోతారో! మేం రోజూ చూసేదే, తుడిచేస్తాం, అంతే. సిగ్గుతో ముక్కకుండా బిగబట్టుకోకండి.

తల కనపడే దగ్గర మంట పుడుతుంది. చుట్టూ నిప్పు అంటించినట్టు, చర్మం ఇక సాగదన్నట్టు ఉంటుంది. అప్పుడు "ముక్కొద్దమ్మా, నోటితో ఊదు" అంటాం. బలంగా ముక్కితే చీరుకుపోతుందని. ఆ మంట ఒకటి రెండు నొప్పులపాటు ఉంటుంది. తల వచ్చాక తర్వాతి నొప్పికి భుజాలు, ఆపైన మిగిలిన ఒళ్లంతా వెచ్చగా, జారుగా ఒక్కసారే వచ్చేస్తుంది. ఒత్తిడి అంతా ఒక్క క్షణంలో పోతుంది. ఆ నిశ్శబ్దాన్ని మాటల్లో పెట్టడం నాకు ఇప్పటికీ రాదు.

ముక్కే దశ తొలి కాన్పుకి మూడు గంటల్లోపు, తర్వాతి వాటికి రెండు గంటల్లోపు ముగుస్తుంది. ఆ సమయంలో ఎవరైనా కడుపు మీద మోచేతులతో నొక్కబోతే వద్దని చెప్పండి. అలా నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు.

కోత పెడతారా? కుట్లు వేసేటప్పుడు తెలుస్తుందా?

అందరికీ కోత అవసరం లేదు. తొలి కాన్పు కదా అని అలవాటుగా కోసే పద్ధతి తప్పని ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నారు. బిడ్డ గుండె వేగం తగ్గి త్వరగా బయటికి తీయాల్సి వస్తేనో, మరో గట్టి కారణం ఉంటేనో పెడతారు. అప్పుడైనా, చీరుకున్నచోట కుట్లు వేసేటప్పుడైనా, మత్తు సూది వేయాల్సిందే. సూది వేశాక కూడా నొప్పి తెలుస్తోందంటే గట్టిగా చెప్పండి, ఇంకొంచెం వేస్తారు. మత్తు లేకుండా కుట్లు భరించడం గొప్పతనం అనుకోవద్దు.

35వ వారం నుంచి వారానికి రెండు మూడుసార్లు శుభ్రమైన చేతులతో, కొబ్బరినూనెతో కింది భాగాన్ని మెల్లగా సాగదీస్తూ మర్దన చేసుకుంటే తొలి కాన్పులో కుట్లు పడే అవకాశం కొంత తగ్గుతుంది. ఎలాగో మీ నర్సునో డాక్టరునో అడిగి మొదలుపెట్టండి.

మందులు లేకుండా నొప్పి తగ్గించుకోవచ్చా?

పూర్తిగా పోదు, ఓర్చుకోవడం తేలికవుతుంది.

మొదటిది, వెల్లకిలా పడుకుని ఉండిపోకండి. నడవండి. కిటికీ ఊచ పట్టుకుని నడుం ఊపండి. మంచం మీద దిండ్లు పెట్టి వాటి మీద వాలండి, మోకాళ్ల మీద చేతుల మీద నిలబడండి. నడుం నొప్పికి ఈ చివరిది బాగా పనిచేస్తుంది. వేడినీళ్ల సంచి నడుంకి పెట్టుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లు నడుం మీద మగ్గుతో పోయించుకోవచ్చు.

ఊపిరి సంగతి. పెద్ద పాఠాలేం అక్కర్లేదు. నొప్పి మొదలవగానే ముక్కుతో తీసుకుని, వేడి పాలు చల్లార్చేటట్టు నోటితో నిదానంగా వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి. మనం భయపడ్డప్పుడు ఊపిరి బిగబడతాం, దాంతో ఒళ్లంతా బిగుస్తుంది.

తినకూడదని కడుపు మాడ్చవద్దు. ఇబ్బందులేవీ లేని కాన్పులో జావ, ఇడ్లీ, కొబ్బరినీళ్లు, మజ్జిగ తీసుకోవచ్చు. మీ డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. నొప్పులు రావాలని ఆముదం మాత్రం తాగకండి. వాంతులు, విరేచనాలతో అసలు సమయానికి నీరసించిపోతారు.

ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుంలో ఇచ్చే మత్తు) తీసుకుంటే జీవితాంతం నడుం నొప్పి వస్తుందంటారు?

రాదు. కాన్పు తర్వాత నడుం నొప్పి ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లకీ తీసుకోనివాళ్లకీ దాదాపు ఒకేలా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. పిల్లల్ని ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, నిద్రలేమి, వీటివల్ల వచ్చే నొప్పిని కూడా ఆ సూది మీదికే నెట్టేస్తున్నాం.

అదెలా ఇస్తారంటే, కూర్చోబెట్టి వీపు వంచమంటారు. నడుం దగ్గర చర్మానికి మత్తు వేసి, వెన్నెముకల మధ్య సూదితో దారి చేసి, వెంట్రుకంత సన్నని గొట్టం పెట్టి సూది తీసేస్తారు. ఆ గొట్టంలోంచి మందు వెళుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది, మెలకువగానే ఉంటారు. ఇబ్బందులూ ఉన్నాయి: బీపీ పడిపోవచ్చు, దురద, జ్వరం, మూత్రం తెలియకపోవడం. ముక్కే దశ కాస్త పొడుగవుతుంది. కొద్దిమందికి తలనొప్పి పట్టుకుంటుంది. దీనివల్ల సిజేరియన్లు పెరగవు.

మత్తు డాక్టరు పక్కనే ఉండాలి కాబట్టి మన దగ్గర పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. మీరు వెళ్లే చోట ఉందా, రాత్రిపూట కూడా ఇస్తారా, ఎంతవుతుంది అని ఎనిమిదో నెలలోనే అడగండి. కొన్నిచోట్ల పీల్చే గ్యాస్ ఉంటుంది, సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. నొప్పి మొదలవుతుండగానే పీలిస్తే శిఖరానికి చేరే సమయానికి పనిచేస్తుంది. ఇవేవీ లేని చోట నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తారు.

నొప్పికి మందు అడగడం ఓటమి అనుకోవద్దు. 1853లో ఇంగ్లండ్ రాణి విక్టోరియా కూడా కాన్పులో క్లోరోఫాం అడిగి తీసుకుంది.

ఈ బాధంతా ఎందుకు, ముందే పెద్దాపరేషన్ చేయించుకుంటే?

ఈ ప్రశ్న మన రెండు రాష్ట్రాల్లో చాలా పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం సగటు 21.5 శాతం. మన ఆడపిల్లల ఎముకలు ఒక్కసారిగా మారిపోలేదు కదా. భయం ఉంది, ముహూర్తాలు ఉన్నాయి, ఆసుపత్రుల వీలు ఉంది. "మా పిల్ల నొప్పులు పడలేదండీ, సున్నితం" అని తల్లులే ముందుకొచ్చి సంతకం పెడతారు.

అవసరమైనప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం పోస్తుంది. మాయ అడ్డంగా ఉన్నప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, గుండె తగ్గినప్పుడు ఒక్క నిమిషం కూడా తటపటాయించకండి. అలా చేయించుకున్న తల్లి ఎవరికంటే తక్కువ కాదు. కానీ నొప్పి లేదని దాన్ని ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. నొప్పి ముందు ఉండదు, తర్వాత ఉంటుంది. మత్తు దిగాక దగ్గినా, నవ్వినా, పక్కకి తిరిగినా కుట్లు లాగుతాయి. అప్పుడే బిడ్డకు పాలివ్వాలి. మళ్లీ కాన్పుకి మాయ పాత కుట్టుకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది.

అరిస్తే తిడతారట కదా?

నా తొలి కాన్పులో అరిచినందుకు ఒకామె నా తొడ మీద కొట్టింది. "అప్పుడు తెలియలేదా?" అంది. నొప్పి ఎంతో నాకిప్పుడు గుర్తు లేదు, ఆ మాట గుర్తుంది. ఈ ఉద్యోగంలో అలాంటి మాట నా నోట రాకూడదనుకున్నాను. అలసిపోయిన రాత్రుళ్లు నాలుక కొరుక్కున్న సందర్భాలున్నాయి.

అరవండి. మూలగండి. గొంతులోంచి లోతుగా వచ్చే మూలుగు ఒంటిని వదులు చేస్తుంది, పై స్వరంలో కీచుగా అరిస్తే త్వరగా అలసిపోతారు. అంతే తేడా. ఎవరైనా చెయ్యి చేసుకుంటే, అసభ్యంగా మాట్లాడితే అది తప్పు, ఫిర్యాదు చేయవచ్చు.

భయంతో నిద్ర పట్టడం లేదు. పిచ్చిదాన్నంటారేమో.

కాన్పు భయం ఒక స్థాయి దాటితే దానికి వైద్యంలో పేరే ఉంది, టోకోఫోబియా. కాన్పు గురించి పీడకలలు, ఆ ఊసెత్తితేనే గుండె దడ, ఈ భయంతోనే పిల్లలు వద్దనుకోవడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. సలహాతో, మాటలతో చాలావరకు తగ్గుతుంది. డాక్టరుకి "భయంగా ఉంది" అని కాకుండా, దేనికి భయమో చెప్పండి: చనిపోతాననా, ఒంటరిగా వదిలేస్తారనా, బట్టలు లేకుండా పడుకోవాలనా. ప్రతిదానికీ వేరు వేరు జవాబుంది. వీలైతే ముందే ఒకసారి లేబర్ రూం చూపించమనండి.

ఎప్పుడు బయలుదేరాలి?

తొలి కాన్పైతే నొప్పులు ఐదు నిమిషాలకోటి, ఒక్కోటి నిమిషం పాటు, గంట సేపు అలాగే వస్తుంటే. ఊరు దూరమైతే, రెండో కాన్పైతే, ఇంతకుముందు ఆపరేషన్ అయి ఉంటే ఇంకా ముందే. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి, నీరు ఆకుపచ్చగా ఉంటే మరీ త్వరగా. రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా ఆలోచించకుండా 108కి చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, ప్రయాణం అన్నీ ఉచితం, 2011 నుంచి దేశమంతా అమల్లో ఉన్న పథకమిది.

బిడ్డ పుట్టగానే నొప్పి పోతుందా?

పెద్ద నొప్పి పోతుంది. అరగంటలోపు మాయ పడుతుంది, దానికి చిన్న నొప్పే. రెండు మూడు రోజులు పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెడుతుంది, గర్భసంచి చిన్నదవుతోందని గుర్తు. రెండో కాన్పుకి ఇది ఎక్కువగా ఉంటుంది, కాన్పు మాత్రం చాలామందికి త్వరగా అవుతుంది.

పక్కన ఉండేవాళ్లు ఏం చేయాలి?

ముందు పక్కన ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడ తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. గదికి మరుగు ఉన్నచోట భర్తనూ రానివ్వవచ్చు. అడగండి, మొదట కాదంటే మళ్లీ అడగండి. తోడున్నవాళ్లకి నొప్పుల సమయం తగ్గుతుందని, సిజేరియన్లు తగ్గుతాయని ఎన్నో దేశాల్లో తేలింది. అంత మంచి మందు మా అల్మారాలో ఇంకోటి లేదు.

వచ్చినవాళ్లు ఫోన్ పక్కన పెట్టాలి. "ఇంకెంతసేపు సిస్టర్" అని ఆమె ముందు అడగకూడదు. నొప్పి వచ్చినప్పుడు మణికట్టుకు ఆనుకున్న అరచేతి భాగంతో నడుం కింద, ఎముక మీద గట్టిగా నొక్కి పట్టాలి, వదిలినప్పుడు వదలాలి. ఎక్కడ నొక్కాలో ఆమే చెబుతుంది. నీళ్లు గ్లాసుతో కాదు, చెంచాతోనో స్ట్రాతోనో. తడిగుడ్డతో ముఖం తుడవాలి.

పోయిన చలికాలంలో తండా నుంచి ఒక తల్లీకూతుళ్లు వచ్చారు. తొలిచూలు. ఆ తల్లి రాత్రంతా ఒక్క సలహా ఇవ్వలేదు. కూతురు నడుంకి తన మోకాలు ఆనించి కూర్చుంది, నొప్పి వచ్చినప్పుడల్లా గొంతు కిందనే ఏదో కూనిరాగం తీసింది, పోయినప్పుడల్లా ఆపింది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసి బిడ్డను గుండెల మీద పెట్టాక చూస్తే, ఆ మోకాలు ఇంకా అక్కడే ఉంది.